కూర్చునే స్తోమత

సంగీతం ప్రజలందరి సొత్తు అని రాజధానిలో తీర్మానం జరిగిపోయిన తరవాత, ఆ సొత్తు ప్రజల చేతికి చిక్కకుండా కాపాడడానికి ఒక సంస్థ అవసరమైంది. అలా పుట్టిందే రాజధాని శాస్త్రీయ సంగీత సంరక్షక మండలి. (సంగీతాన్ని ఎవరి బారి నుంచి సంరక్షిస్తున్నారో నిబంధనావళిలో రాయలేదు. క్యూలో నిలబడ్డవాళ్లకు రాయకుండానే అర్థమయ్యేది.) ప్రతి శీతకాలమూ మండలి అయిదు సాయంత్రాల ఉత్సవం జరిపేది. మిగిలిన మూడు వందల అరవై రోజులూ ఆ ఉత్సవానికి ఎవరు రాకూడదో ఆలోచించేది.

1979 నవంబరు చివరికి చెన్నకేశవులు చేతిలో ఏమేం ఉన్నాయో చెప్పాలి. కరోల్ బాగ్‌లో పన్నెండడుగుల వెడల్పున ఒక దుకాణం, దాని నిండా గుంటూరు మిరపకాయలు, ఇంగువ, చింతపండు, కాఫీ గింజలు. ఢిల్లీలో పందొమ్మిదేళ్ల అనుభవం. గ్యాసు, టెలిఫోను, స్కూటరు అనే మూడు పెద్ద క్యూలలో దూరి ప్రాణాలతో బయటపడ్డ ఖ్యాతి. పైన ఉత్సవానికి ఇరవై మూడు రోజుల గడువు. లేనివి రెండు టికెట్లు మాత్రమే.

టికెట్లు కావలసింది ఆయన భార్య రాజేశ్వరమ్మకు. ఆవిడ పెళ్లికి ముందు తెనాలిలో ఆరేళ్లు పాట నేర్చుకుంది. ఒకే చాప మీద పక్కన కూర్చుని నేర్చుకున్న పిల్ల భానుమతి. వాళ్ల గురువుగారు ముఖారి రాగంలో ఒక కీర్తనకు తన సొంత సంగతి ఒకటి కట్టుకున్నారు. సంగతి అంటే మరేం లేదు, అదే పాదాన్ని ఇంకో దారిలో తిప్పి ఇంటికి చేర్చడం. దాన్ని ఈ ఇద్దరు పిల్లలకే చెప్పి, ఆ ఏడే కన్నుమూశారు. తరవాత రాజేశ్వరమ్మ పెళ్లి చేసుకుంది, భానుమతి పేరు తెచ్చుకుంది. రేడియోలో భానుమతి ఆ కీర్తన ఎత్తుకున్నప్పుడల్లా రాజేశ్వరమ్మ పొయ్యి తగ్గించి కూర్చునేది. ఆ సంగతి దగ్గరకు వచ్చేసరికి వార్తల వేళయ్యేది.

ఆ ఏడు ఉత్సవంలో నాలుగో సాయంత్రం భానుమతిది.

"అది ఆ ముక్క ఇంకా పాడుతోందో, వదిలేసిందో ఒక్కసారి చెవులారా వినాలండీ" అంది రాజేశ్వరమ్మ.

ఆవిడకే ఒక ఉత్తరం ముక్క రాస్తే సరిపోతుంది కదా అన్నాడు చెన్నకేశవులు.

"పాతికేళ్లలో ఎలా ఉన్నావే అని ఒక్క కార్డు రాయలేదు. ఇప్పుడు టికెట్టుందా అని రాయనా?"

మాట సబబుగానే ఉంది. పాతికేళ్లు గడప తొక్కని మనిషి వచ్చి మొదటి రోజే సరుకు అడిగితే దుకాణదారు ఏమనుకుంటాడో ఆయనకు తెలుసు.

మండీ హౌస్ దగ్గరి ఆ హాల్లో తొమ్మిది వందల ఇరవై కుర్చీలున్నాయి. మంత్రిత్వ శాఖలకు, రాయబార కార్యాలయాలకు, మండలి సలహాదారులకు, సలహాదారులకు సలహా ఇచ్చేవారికి పాసులు పంచగా అమ్మకానికి పద్నాలుగు కుర్చీలు మిగిలేవి. అవన్నీ స్తంభాల వెనకవి. వాటిని స్తంభాల పర్యవేక్షక ఉపసంఘం తీసుకునేది. అయినా సామాన్య శ్రోతను మండలి మరిచిపోలేదు. గోడల వెంబడి రోజుకు అరవై మంది రెండేసి రూపాయలకు నిలబడి వినే ఏర్పాటు చేసింది. మూడు రూపాయలిస్తే గోడకు ఆనుకోవచ్చు. (ఆనుడు టికెట్లు ఆ ఏడు సెప్టెంబరులోనే చెల్లిపోయాయి. గోడ మొత్తం ఏదో కార్పొరేషను వాళ్లు తీసుకున్నారని వినికిడి.)

నిలువు టికెట్టుకు దరఖాస్తు ఫారం ని-4. ని-1, ని-2, ని-3 ఏమయ్యాయని అడగడానికి వేరే ఫారం ఉండేది. ని-4లో నాలుగు పేజీలు. దరఖాస్తుదారు ఎత్తెంత, ఎంతసేపు నిలబడగలడు, తల ఊపే అలవాటుందా, ఉంటే ఇటూ అటూ ఎన్ని అంగుళాలు అని అడిగేవారు. తాళం వేసుకోదలచినవారు సొంత తొడ మీదే వేసుకుంటామని హామీ రాసివ్వాలి. నిలబడడంలో పూర్వానుభవం అనే గడిలో చెన్నకేశవులు గ్యాసు, టెలిఫోను, స్కూటరు, పాల బూత్, రేషను పంచదార అని రాసుకుంటూ పోతే ఇంకో కాగితం కుట్టవలసి వచ్చింది. గుమాస్తా దాన్ని చదివి మొదటిసారి తలెత్తి చూశాడు. ఆ చూపులో గౌరవముంది.

ఫారంతో రెండు పత్రాలు జతపరచాలి. మొదటిది, దరఖాస్తుదారు మూడు గంటలు నిలబడగలడని డాక్టరు ఇచ్చేది. డాక్టరు గది మేడ మీద. రాజేశ్వరమ్మ మెట్లెక్కుతుంటే ఆవిడ మోకాళ్ల చప్పుడు ఆయన కుర్చీలో కూర్చునే విన్నాడు. పావు కిలో ఇంగువ తీసుకున్న మీదట అది చెక్క మెట్ల చప్పుడని నిర్ధారించి, ఈమె మూడు గంటలేమిటి, అవసరమైతే ఆరు గంటలు నిలబడగలదని రాసిచ్చాడు.

రెండో పత్రం అసలైనది. నిలువు టికెట్లు పేద రసికుల కోసం కాబట్టి, ఈ కుటుంబానికి కూర్చునే స్తోమత లేదని ఒక గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. ఇక్కడ చెన్నకేశవులు తన తెలివికి తానే మురిసిపోయాడు. వ్యాపారస్తుడికి రెండు ఆదాయాలుంటాయి. పన్నుల వాళ్లకు చెప్పేది ఒకటి, చుట్టాలకు చెప్పేది ఒకటి. మొదటి దాన్ని పందొమ్మిదేళ్లుగా కన్నబిడ్డలా చిన్నగా పెంచుకొచ్చాడు. అది చేతికి అందివచ్చే రోజు ఇన్నాళ్లకు వచ్చింది.

ఆ కాగితాలు పట్టుకుని రామకృష్ణాపురం సర్కారు క్వార్టర్లలో రాధాకృష్ణమూర్తి గారింటికి వెళ్లాడు. కాకినాడ మనిషి, ఏదో మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ, దుకాణానికి పాత ఖాతాదారు. ఆయన పత్రం చదివి కళ్లజోడు నుదుటి మీదికి జరిపాడు.

"ఏవయ్యా, నీకు కూర్చునే స్తోమత లేకపోవడమేమిటి?"

"కాగితం మీదండి."

"కాగితం మీదైతే సరే."

సంతకం పెట్టాడు. కిందన ముద్ర కూడా వేశాడు. ముద్ర ఇంట్లోనే ఉంచుకునేవాడు, ఎందుకంటే ఆఫీసులో అది ఎవరికీ అవసరం పడేది కాదు. ఆయన భార్య కమలాకుమారి గారు కాఫీ ఇచ్చి, ఈసారి వచ్చిన అప్పడాల్లో ఉప్పెక్కువైందని చెప్పింది. ఆ సంతకం దేనికని ఎవరూ అడగలేదు, చెన్నకేశవులు చెప్పలేదు. అక్కరకు మించి ఒక్క మాట మాట్లాడకపోవడం ఆయన వ్యాపారంలో మొదటి సూత్రం.

తరవాతది క్యూ. క్యూ మొదలైన ఏడో రోజు నుంచి కిటికీ పదకొండింటికి తెరిచేవారు, పదకొండు నలభైకి మూసేవారు. ఆ నలభై నిమిషాల్లో ఏడుగురి పని జరిగేది, ఎనిమిదోవాడితో గొడవ జరిగేది. అన్ని రోజులు మనుషులు నిలబడడం సాధ్యం కాదు కనక, ఢిల్లీ సంప్రదాయం ప్రకారం మనుషుల బదులు రాళ్లు నిలబడేవి. పాల బూత్ దగ్గరైతే ఇది ఎవరికి వారే పెట్టుకున్న ఏర్పాటు. మండలి దాన్ని సర్క్యులరుగా మార్చింది. ఒక రాయి ఒక మనిషికి పన్నెండు గంటలపాటు ప్రాతినిధ్యం వహించవచ్చు. ఒకే రాయి మొత్తం కుటుంబానికి వహించరాదు. చెప్పులు, సంచులు, పాల సీసాలు చెల్లవు. గుర్తింపు లేని రాయిని ఏ క్షణాన్నైనా పారవేయవచ్చు.

రాయికి గుర్తింపు ఎక్కడి నుంచి తెస్తామని మిగతావాళ్లు తల పట్టుకుంటే, చెన్నకేశవులు దుకాణానికి వెళ్లి తూనిక రాళ్లు రెండు తెచ్చాడు. పోత ఇనుపవి, ఒకటి ఐదు కిలోలది, ఒకటి రెండు కిలోలది, రెంటి మీదా తూనికల శాఖ ముద్ర, సంవత్సరంతో సహా. ప్రభుత్వ ముద్ర ఉన్న రాయిని పారవేసే అధికారం మండలికి లేదు. ఐదు కిలోలు తాను, రెండు కిలోలు భార్య. (ఎనిమిది రోజులు దుకాణంలో ఐదు కిలోల చింతపండు అడిగినవాళ్లకు కిలో చొప్పున ఐదుసార్లు తూచారు. ప్రతిసారీ కాస్త మొగ్గు కొనేవాడి వైపు పోయింది. సంగీతం కోసం ఆయన చేసిన త్యాగాల్లో అదొకటి.)

క్యూకి హాజరు పట్టీ ఉండేది. దాన్ని సుబేదార్ అంకయ్య నడిపేవాడు. కడప మనిషి, కంటోన్మెంటులో ఉండేవాడు, ఆర్నెల్ల కిందట పదవీ విరమణ చేశాడు. క్యూ కనిపిస్తే కిరసనాయిలనుకుని చేరాడు. సంగీతమని మూడో రోజు తెలిసింది. అప్పటికే నాలుగో నంబరు చేతికొచ్చింది, అంత మంచి నంబరు వదులుకోవడానికి మనసొప్పలేదు. పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ, సాయంత్రం ఆరింటికీ నోటుపుస్తకం తీసి గట్టిగా పిలిచేవాడు.

"పదకొండు. చెన్నకేశవులు, ఐదు కిలోలు. హాజిర్. పన్నెండు. రాజేశ్వరమ్మ, రెండు కిలోలు. హాజిర్."

మధ్యాహ్నాలు రాజేశ్వరమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చి రాళ్ల పక్కన కూర్చునేది. కూర్చున్నంతసేపూ ఆ సంగతినే గొంతులో తిప్పుకునేది. ఈ చివర నుంచి ఎత్తుకుని, మధ్యలో ఒక మలుపు దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వచ్చేది. మరిచిపోలేదని తనకు తాను రుజువు చూపించుకుంటున్నట్టుండేది. అంకయ్యకు అది నాలుగు రోజుల్లో నోటికొచ్చేసింది. డ్రిల్లు మాదిరే ఉందమ్మా, ఎడమ, కుడి, వెనక్కి తిరుగు అన్నాడు. రాజేశ్వరమ్మ నవ్వి, మా గురువుగారు వింటే ఒప్పుకునేవారే అంది.

ఎనిమిదో రోజు టికెట్లు చేతికొచ్చాయి. ఊదా రంగువి, బొటనవేలంత.

నాలుగో సాయంత్రం ఆరున్నరకు లోపలికి వదిలారు. నేల మీద పసుపు రంగుతో అరవై జతల అడుగుల గుర్తులు వేసి ఉన్నాయి. ఎవరి అడుగుల్లో వాళ్లు నిలబడాలి. అడుగులన్నీ ఎనిమిదో నంబరు మగ బూట్లవి. రాజేశ్వరమ్మ పాదాలు వాటిలో రెండు పడవల్లో ఇద్దరు పిల్లల్లా ఉన్నాయి. వాళ్ల చోటు మొదటి వరస పక్కనే. వీపు వెనక గోడ రెండంగుళాల దూరంలోనే ఉంది కానీ అది మూడు రూపాయల గోడ.

తెర లేచింది. తొమ్మిది వందల ఇరవై కుర్చీల్లో చెన్నకేశవులు లెక్కపెడితే డెబ్బై ఒకటి నిండాయి. అందులో ముప్పై మంది బయట చలికి తట్టుకోలేక లోపలికొచ్చిన కారు డ్రైవర్లు. వాళ్లు కూర్చోవచ్చు. వాళ్ల దగ్గర అయ్యగారి పాసులున్నాయి. మొదటి వరసలో ఒక్క ప్రాణి లేదు. ప్రతి కుర్చీ వీపుకీ ఒక పేరుచీటీ మాత్రం నిటారుగా కూర్చుని ఉంది.

భానుమతి వచ్చి, వేదిక మీద కూర్చుని, ఆ పేరుచీటీలకు నమస్కారం పెట్టింది. జుట్టు నెరిసింది, ఒళ్లు చేసింది. "కూర్చునే తీరు అదే" అంది రాజేశ్వరమ్మ. వర్ణం అయింది. రెండు కీర్తనలయ్యాయి. నిలబడ్డవాళ్లలో ఒకాయన తల ఆరంగుళాలకు మించి ఊపితే టార్చిలైటు వేసి చూపించారు. గంటన్నర గడిచింది. రాజేశ్వరమ్మ ఒంటి బరువు ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలికి మార్చుకుంటూ వచ్చింది. అలా మార్చుకోవడానికి మూడో మోకాలు లేదని ఒక దశలో తేలిపోయింది.

అప్పుడు భానుమతి ముఖారి ఎత్తుకుంది. కళ్లు మూసుకుని ఆలాపన మొదలుపెట్టింది.

రాజేశ్వరమ్మ పసుపు అడుగుల్లోంచి దిగి, నాలుగడుగులు ముందుకు వేసి, మొదటి వరసలో ఏడో కుర్చీలో కూర్చుంది. కావాలని చేసిన పని కాదు. మోకాళ్లు చేసిన పని. చెన్నకేశవులు ఆవిడ వెనకే వెళ్లి చూస్తే కుర్చీ వీపున చీటీ ఉంది, రాధాకృష్ణమూర్తి, అండర్ సెక్రటరీ అని. ఆయన గుండె నెమ్మదించింది. మన మనిషి కుర్చీయే.

టార్చిలైటు వచ్చింది. దాని వెనక ఇద్దరు మనుషులు వచ్చారు. ఆలాపన సగంలో ఉండగానే దంపతులిద్దరినీ నిలువు శ్రోతల విభాగాధికారి భసీన్ గారి గదికి తీసుకెళ్లారు. భానుమతి అప్పటికింకా కళ్లు తెరవలేదు.

భసీన్ గారు మర్యాదస్తుడు. ముందు వాళ్లను నిలబడమన్నాడు. తరవాత ఫైలు తెప్పించాడు. ఆ కుర్చీ యజమాని తనకు బాగా తెలిసినవాడని, ఫోను చేసి కనుక్కోవచ్చని చెన్నకేశవులు హిందీలో విన్నవించుకున్నాడు. భసీన్ గారు ఫైల్లో ఒక కాగితం తిప్పి ఆయన ముందు పెట్టి, వేలితో చూపించాడు.

"మీకు కూర్చునే స్తోమత లేదని ధ్రువీకరించింది కూడా ఈయనే కదా?"

చెన్నకేశవులు పందొమ్మిదేళ్ల వ్యాపారంలో ఎప్పుడూ చేయని పని చేశాడు. బేరమాడకుండా, ఆ కుర్చీ ఎంతో చెప్పండి, ఇప్పుడే కొంటాను, పది కుర్చీల డబ్బిస్తాను, ఈవిణ్ణి ఒక్క అరగంట కూర్చోనివ్వండి అన్నాడు. భసీన్ గారు బాధపడ్డాడు. మీరు కొనగలిగితే ఈ పత్రం అబద్ధమవుతుంది, అప్పుడిది పోలీసుల పని అవుతుంది, నేను వినలేదనుకుంటాను అన్నాడు. తరవాత మూడు తెల్లకాగితాలు, రెండు కార్బన్ కాగితాలు ఇచ్చి, ఏ పరిస్థితుల్లో కూర్చోవలసి వచ్చిందో సంజాయిషీ రాసివ్వమన్నాడు. కార్బను బాగా పడాలి కాబట్టి గట్టిగా నొక్కి రాయమన్నాడు.

చెన్నకేశవులు రాస్తున్నాడు. రాజేశ్వరమ్మ తలుపుకు చెవి ఆనించి నిలబడింది. ఆ తలుపు మృదంగాన్ని మాత్రం లోపలికి వదిలింది. పాటను వదల్లేదు.

సంజాయిషీ మీద మూడు సంతకాలు అయ్యేసరికి హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. అంత ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జనం బయటికి వచ్చారు. అంకయ్య వీళ్ల కోసం వెతుక్కుంటూ వసారాలోకి వచ్చాడు.

"పాడిందా?" అని రాజేశ్వరమ్మ ఒక్క మాటే అడిగింది.

అంకయ్య జవాబుకు ముందు నిటారుగా నిలబడ్డాడు. "ఆ తావ దాకా వచ్చిందమ్మా ఆయమ్మ. ఆడికొచ్చి, కళ్లు తెరిచి, ముందు వరసకల్లా చూసింది. ఒక్క మనిషి లేడు. ఇంకేముందిలే అన్నట్టు దాటేసి పోయింది. రోజూ మీ నోట విన్నందుకు నాకు తెలిసింది గానీ, ఇంకెవురికీ తెలీలేదు."

రాజేశ్వరమ్మ సరే అంది. 

పది రోజుల తరవాత రాధాకృష్ణమూర్తి గారు మిరపకాయలకని దుకాణానికి వచ్చాడు. మండలి ఆయనకు కూడా సంజాయిషీ నకలు ఒకటి పంపింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నొచ్చుకుంటూ అన్నాడు.

"నాకు ఏటా నాలుగు పాసులొస్తాయి చెన్నకేశవులూ. పాటంటే నాకు తలనొప్పి, చించి పారేస్తాను. పాసు అడిగితే పాసే ఇచ్చేవాణ్ణి కదయ్యా. నువ్వు సంతకం అడిగావు, సంతకం పెట్టాను."

చెన్నకేశవులు మిరపకాయలు తూచి ఇచ్చాడు. ఆ రోజు త్రాసు ముల్లు ఎటు నిలిచిందో ఆయన చూడలేదు.

జనవరిలో మండలి నుంచి నిర్ణయం వచ్చింది. నిలువు టికెట్టు మీద కూర్చున్నందుకు దంపతుల పేర్లు నిలువు శ్రోతల జాబితాలోంచి ఐదేళ్లు తొలగించారు. కూర్చునే స్తోమత లేదని రుజువైనందున కుర్చీల జాబితాలో చేర్చే ప్రశ్న తలెత్తదన్నారు. ఓదార్పుగా వార్షిక నివేదిక ఒక ప్రతి ఉచితంగా జతపరిచారు. పదకొండో పేజీలో ఇలా ఉంది: "నాలుగో సాయంత్రం టికెట్టు కొన్న ప్రతి శ్రోతా కార్యక్రమం ఆసాంతం లేచి నిలబడి గాయనిని గౌరవించడం మండలి చరిత్రలో చిరస్మరణీయం."

ఇక ఆ సీజను మీద మిగిలిందేమిటో చూడాలి. ఐదు కిలోల రాయి, రెండు కిలోల రాయి వెనక్కి వచ్చాయి. క్యూలో అరిగి తూకం తగ్గాయని తనిఖీవాళ్లు వాటిని పట్టుకుపోయారు. వార్షిక నివేదిక ఉంది. సంజాయిషీ మూడో ప్రతి ఉంది, కార్బను సరిగా పడలేదు. రాజేశ్వరమ్మ భానుమతికి ఉత్తరం రాయలేదు. బియ్యం ఏరుకునేటప్పుడు కూడా ఆ ముక్క గొంతులోకి రానివ్వడం మానేసింది. అయితే లాభం బొత్తిగా లేదనడానికి వీల్లేదు, చెన్నకేశవులు వ్యాపారస్తుడు కనక దాన్ని గుర్తించాడు. నిన్నటి దాకా ఇద్దరి దగ్గర ఉండిన సరుకు, ఇవాళ దేశం మొత్తం మీద ఆయన ఒక్కడి ఇంట్లోనే ఉంది. గిరాకీ లేదు.